బురుజు శాపానికి విరుగుడు

మా బొలోన్యాలో చదువుకునేవాళ్ళు అసినెల్లి బురుజు ఎక్కరు. ఎక్కితే పట్టా రాదు. ఎందుకు రాదంటే ఎవరూ చెప్పలేరు గాని, ఎక్కి చూపించమంటే ఒక్కడూ ముందుకు రాడు. బయటి ఊళ్ళవాళ్ళు మాత్రం పొద్దున్నే బారులు తీరి ఎక్కుతారు, ఎర్ర పెంకుల కప్పులన్నిటికీ ఫోటోలు తీస్తారు, ఆయాసపడుతూ దిగి ఐస్‌క్రీం తింటారు. ఇక్కడే చదివే పిల్లలు దాని నీడలో సైకిళ్ళు ఆనిస్తారు గాని గడప తొక్కరు. పట్టా చేతికొచ్చిన రోజున, తలమీద లారెల్ ఆకుల కిరీటం పెట్టుకుని మరీ ఎక్కుతారు.

నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాను. నా పేరు ఆర్జియా. ప్రతెల్లో వీధిలో చాలా ఏళ్ళు బొత్తాల కొట్టు నడిపాను. ఊడిన బొత్తాం పట్టుకుని వచ్చిన మగాడు అది పెళ్ళాం చొక్కాదని చెబితే, నిజంగా ఎవరి చొక్కాదో వాడి మొహం చూసి చెప్పేసేదాన్ని. అలాంటిదాన్ని శాపాలకు బెదురుతానా? బెదరను. కాని మా చెల్లెలి కొడుకు లోరిస్ బురుజు ఎక్కాడు. వాడికి పట్టా రాలేదు. దానికి నేనేం చెయ్యను?

వాడు ఎక్కింది లా చదువు మొదలుపెట్టిన కొత్తలో. సెలవులకు బ్రెజిల్ నుంచి ఒక పిల్ల వచ్చింది. ఆ పిల్లకి పైనుంచి ఊరిని చూడాలనిపించింది, వీడికి ఆ పిల్లని చూడాలనిపించింది. ఇద్దరూ కలిసి ఎక్కారు. దిగాక ఆ పిల్ల రైలెక్కి వెళ్ళిపోయింది. శాపం మాత్రం మా ఇంట్లో దిగబడింది.

అబద్ధం ఎందుకు చెప్పాలి, వాడు తెలివితక్కువవాడు కాదు. ఏళ్ళు గడిచినా పరీక్షలన్నీ ఒక్కొక్కటే గట్టెక్కించాడు. చివరికి రోమన్ న్యాయశాస్త్రం ఒక్కటి మిగిలింది. మా దగ్గర పరీక్ష అంటే రాయడం కాదు. అందరి ముందూ పేరు పిలుస్తారు, ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి. ఆ తేదీ వచ్చినప్పుడల్లా లోరిస్ చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళేవాడు, వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు, తన పేరు పిలిచేలోపు లేచి ఇంటికొచ్చేసేవాడు. ఏమయిందంటే, "బురుజు, పెద్దమ్మా," అనేవాడు. మిగతా రోజుల్లో కాలేజీ వెనక ఒక కొట్లో ఇతరుల పరిశోధన వ్యాసాలకు ఎర్ర అట్టలు వేసేవాడు. ఊళ్ళో సగంమంది పట్టాలు వాడి చేతి జిగురుతోనే అంటుకున్నాయి.

మా చెల్లెలు దెయాన్నా పోయేముందు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుంది. "వాడి తలమీద ఆ ఆకులు నువ్వు పెట్టాలి అక్కా," అంది. సరేనన్నాను. ఆ మాట అప్పటినుంచీ నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. వాడికి మంచి ఉద్యోగం రాకపోయినా ఫరవాలేదు, పెళ్ళి కాకపోయినా ఫరవాలేదు. ఆ ఆకులు మాత్రం నా చేత్తో పెట్టాలి. నాకు కావలసింది అదొక్కటే.

లోరిస్ నా ఇంట్లోనే వెనక గదిలో ఉంటాడు. ముందు గదులు రెండూ విదేశీ విద్యార్థులకు అద్దెకిస్తాను. ఆ ఏడాది వచ్చినవాళ్ళు ఇద్దరు. ఎఫువా అని ఘనా దేశపు పిల్ల, కేప్ కోస్ట్ అనే సముద్రపు ఊరిది, చరిత్ర చదువుతోంది. డౌవె అని హాలండ్ కుర్రాడు, గుమ్మాలన్నిటికీ తల కొట్టుకునేంత పొడుగు. ఇటలీ సంస్కృతినీ చరిత్రనీ అనుభవించి రమ్మని వాళ్ళ విశ్వవిద్యాలయాలు పంపాయట. అనుభవించడం వాళ్ళు నా వంటింట్లోనే మొదలుపెట్టారు. డౌవె మొదటి పూటే నేను చేత్తో కోసిన తల్యతెల్లె అనే పొడవాటి పిండి నాడాలను ప్లేటులో కత్తి పెట్టి ముక్కలు చేశాడు. కత్తి లాక్కుని సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆ ఏడాదంతా వాడు నా ఇంట్లో కత్తి మొహం చూడలేదు.

ఎఫువా వేరే రకం. ఏది పెట్టినా తినేది, ఏది చెప్పినా వినేది, విన్నదాని గురించి మూడో రోజున ఎక్కడో తగిలే ప్రశ్న ఒకటి అడిగేది. నవ్వకుండా ఉండటానికి ప్రయత్నిస్తే ఎడమ పక్క పెదవి చివర కాస్త లోపలికి పోయేది. అది నేను మొదటి వారంలోనే కనిపెట్టాను.

వచ్చిన మర్నాడే ఇద్దరూ బురుజెక్కి వచ్చారు. ఫోటోలు చూపిస్తుంటే చారు గిన్నె నా చేతిలోంచి జారబోయింది. మా ఇంటి కిందున్న ఇవానో కాఫీ బార్‌కి విషయం పాకడానికి ఎంతసేపు పడుతుంది? శాపం పరదేశీయులకు అంటుతుందా లేదా అని అక్కడ ఆ సాయంత్రమంతా వాదన జరిగింది. ఇక్కడ పేరు నమోదైనవాళ్ళకే అంటుతుందని ఇవానో అన్నాడు. ఎక్కడ చదివినా చదువు చదువేనని, పట్టా ఏ ఊళ్ళో తీసుకున్నా బురుజు వదలదని రిటైరైన మంగలి గ్వల్తియేరో అన్నాడు. తన ఆఖరి పరీక్ష, వ్యాసం అన్నీ ఘనాలోనే కాబట్టి అంతదూరం శాపానికి వీసా దొరకదని ఎఫువా నవ్వేసింది.

బార్‌లో లోరిస్‌కి ఒక ముద్దుపేరు ఉండేది. పట్టా పుచ్చుకున్న ప్రతివాణ్ణీ మా దేశంలో దొత్తోరె అంటారు. లోరిస్ గుమ్మంలో కాలు పెట్టగానే ఇవానో, "దొత్తోరె గారికి కాఫీ," అని కేక పెట్టేవాడు. పేకాట బల్ల దగ్గరున్న ముసలాళ్ళంతా టోపీలు తీసేవాళ్ళు. లోరిస్ కూడా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇవానోని వాడి కాఫీ మిషన్‌లోనే ఉడికించాలనిపించేది.

చలికాలంలో మళ్ళీ పరీక్ష తేదీ వచ్చింది. చొక్కా ఇస్త్రీ అయింది. నేను తెల్లవారకముందే లేచి ఎముకల రసం పెట్టాను, అందులో వెయ్యడానికి మాంసం కూరిన తొర్తెల్లీని బిళ్ళలు వత్తాను. వాడు మధ్యాహ్నం కాకముందే వచ్చేశాడు. కోటు విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు దెయాన్నా ఫోటో ఉన్న గదిలోకి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. వంటింట్లో నిలబడే తిన్నాను, ఏడుస్తూ తిన్నాను.

ఎఫువా గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆ సాయంత్రం లోరిస్‌ని కూర్చోబెట్టి బురుజు కథ, బ్రెజిల్ పిల్ల కథ అన్నీ చెప్పించుకుంది. ఒక్కసారి కూడా నవ్వలేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

మర్నాడు బార్‌లో అందరం ఉన్నాం. లోరిస్ బల్ల చివర కూర్చుని మోర్తదెల్లా మాంసం పెట్టిన రొట్టె తింటున్నాడు. ఎఫువా కాఫీలో చెంచా తిప్పుతూ మామూలుగా అడిగింది.

"ఇవానో గారూ, బురుజు ఎక్కినవాళ్ళు పైనుంచి కిందిదాకా వెనక్కి నడుస్తూ దిగితే దోషం పోతుందట కదా? ఎవరో అనుకుంటుంటే విన్నాను. మీలాంటి పాతవాళ్ళకి తెలిసే ఉంటుంది."

ఇవానో కప్పు తుడవడం ఆపాడు. అందరూ వాడి వైపే చూస్తున్నారు. బొలోన్యాలో పుట్టినవాడు ఒక విదేశీ పిల్ల ముందు, మా ఊరి సంగతి నాకు తెలియదనే బదులు కొట్టు మూసుకుని రిమినీ పోయి సముద్రంలో దూకుతాడు.

"ఉంది," అన్నాడు ఇవానో. "పాత పద్ధతి. ఇప్పుడెవరు పాటిస్తున్నారు."

"సగం చెప్పి ఊరుకుంటావేం?" అన్నాడు గ్వల్తియేరో. "ఎడమ చెయ్యి గోడకి ఆనించి దిగాలి. అది లేకపోతే దిగినా దండగ."

"ఎడమ కాదు, కుడి."

"నువ్వెప్పుడు చూశావయ్యా?"

"నువ్వెప్పుడు చూశావు?"

నిజానికి ఇద్దరూ జన్మలో ఆ బురుజు ఎక్కలేదు. పేకాట బల్ల మాత్రం ఊరుకుంటుందా? దిగేటప్పుడు పైకి చూడకూడదని ఒకడు, ఎవరైనా పలకరిస్తే పలకకూడదని ఒకడు, పరగడుపున చెయ్యాలని ఇంకొకడు. పరగడుపున అన్నవాణ్ణి మాత్రం అందరూ కలిసి తిట్టారు, ఈ ఊళ్ళో ఏ ఆచారమూ ఖాళీ కడుపుతో ఉండదని. తమ తాతలు దిగినట్టు ఇద్దరు ఒట్టేశారు. అందులో ఒకడి తాత బడి మొహమే చూడలేదని నాకు బాగా తెలుసు.

లోరిస్ నమలడం ఆపేశాడు. నేను ఎఫువా వైపు చూశాను. ఎడమ పక్క పెదవి చివర లోపలికి పోయి ఉంది.

ఇంటికి రాగానే వంటింటి తలుపు వేసి అడిగాను. "ఎవరే నీకు చెప్పింది?"

"ఎవరూ చెప్పలేదు సిన్యోరా. నేను అడిగానంతే. చెప్పింది వాళ్ళు."

"అంటే కల్పించావన్నమాట."

"సగమే. ఎడమ చెయ్యి మాట నాది కాదు." తర్వాత కాస్త గొంతు తగ్గించి చెప్పింది. "మా నాయనమ్మ, పిల్లలు మంచం కింద దయ్యం ఉందని ఏడిస్తే లేదని వాదించేది కాదు. చీపురు తీసుకుని తరిమేసేది. వాదన కన్నా అదే తొందరగా తెములుతుందనేది."

తిట్టాలనుకున్నాను. నవ్వొచ్చింది. నవ్వితే పెద్దరికం పోతుందని అటు తిరిగి, తోమిన మూకుడునే మళ్ళీ తోమాను. ఇన్నేళ్ళుగా శాపం లేదురా అని వాడితో నేను వాదిస్తూ వచ్చాను గాని, ఒక్కసారైనా చీపురు తీసుకున్నానా?

చిక్కంతా డౌవెతో వచ్చింది. వాడికి అబద్ధం పడదు. వాళ్ళ దేశంలో కిటికీలకు తెరలు కూడా వెయ్యరట. "ఇది నిజం కాదు. లోరిస్‌కి చెప్పెయ్యాలి," అని భోజనం దగ్గర మొదలుపెట్టాడు. లోరిస్ అప్పుడే చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. నేను డౌవె ముందు రెండో గిన్నె తొర్తెల్లీని పెట్టాను. తినడం ముగించి మళ్ళీ నోరు తెరిచాడు. మూడో గిన్నె పెట్టాను. అలా ఆ చలికాలమంతా వాడి నిజాయితీని నేను ఎముకల రసంలో ముంచి ఉంచాను. వాడికి ప్యాంట్లు బిగుతయ్యాయి, బొత్తాలు నేనే జరిపి కుట్టాను.

ఈలోగా ఆచారం మా వీధి దాటింది. స్థానిక ఆచారాల మీద విదేశీ విద్యార్థులకు పాఠం చెప్పే ప్రొఫెసర్ తస్సినారి గ్వల్తియేరో దగ్గర జుట్టు కత్తిరించుకునే పాత ఖాతాదారు. రిటైరైనా గ్వల్తియేరో ఆయన తల మాత్రం వదల్లేదు, నోరూ వదల్లేదు. ఒక రోజు ఎఫువా పాఠం నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. ప్రొఫెసర్‌గారు క్లాసులో అందరి ముందూ ఆమెనే నిలబెట్టి, మీరంతా బురుజు ఎక్కడమే చూశారు, దాన్ని వెనక్కి దిగే పాత పద్ధతి ఒకటుందని మీకెవరికైనా తెలుసా అని అడిగారట. తెలియదంటే జాలిపడ్డారట. వచ్చే వారం దాని మీదే మాట్లాడమన్నారట.

"ఏం చెయ్యను సిన్యోరా? ఆయనకి నిజం చెబితే సాయంత్రానికి గ్వల్తియేరో చెవిలో ఉంటుంది, రాత్రికి లోరిస్ చెవిలో. అబద్ధం చెబితే అది పాఠంలో చేరుతుంది."

ఆ పిల్ల మొహంలో నవ్వు లేకపోవడం నేను మొదటిసారి చూశాను. జాలేసింది.

"గొంతు పోయిందని చెప్పు," అన్నాను. "తడి జుట్టుతో చలిగాలిలో తిరిగానని చెప్పు. మా దేశంలో ఆ మాట అన్నాక ఇంకెవరూ ఏమీ అడగరు."

అలాగే చేసింది. ప్రొఫెసర్ తస్సినారి భయపడిపోయి, తన మెడలోని శాలువా తీసి ఎఫువా మెడకు చుట్టి, ఎండలు ముదిరేవరకు నోరు విప్పవద్దని ఇంటికి పంపారు.

లోరిస్ సంగతి చూస్తే, కదలడు. మూఢనమ్మకాలన్నాడు. ఇన్నేళ్ళు శాపం పేరు చెప్పుకుని బతికినవాడు విరుగుడు వినగానే హేతువాది అయిపోయాడు. నాకు ఒళ్ళు మండింది, అయినా నోరు కట్టేసుకున్నాను. బార్‌లో మాత్రం వాడికి ఊపిరాడనివ్వడం లేదు. "దొత్తోరె గారు ఎప్పుడు దిగుతారు?" అని రోజూ అడిగేవాళ్ళే. బురుజు దగ్గర టికెట్లు చింపే అమ్మాయి కూడా అడిగింది, నన్ను మార్కెట్లో పట్టుకుని మరీ.

ఫిబ్రవరిలో పొగమంచు పట్టిన ఒక సాయంత్రం వాడు రొట్టెకు నూనె రాస్తూ తల ఎత్తకుండా అడిగాడు.

"ఇంతకీ ఎడమ చెయ్యా, కుడి చెయ్యా పెద్దమ్మా?"

"ఎడమ," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

మర్నాడు పొద్దున అందరం వెళ్ళాం. లోరిస్‌తో పాటు ఎఫువా, డౌవె ఎక్కారు. దిగేటప్పుడు డౌవె ముందు నడుస్తాడు, వీడు జారితే పట్టుకోవడానికి. అంత పొడుగుకి ఒక ఉపయోగం దొరికిందని వాడు సంతోషించాడు. నేనూ ఇవానో గ్వల్తియేరో పేకాట బల్లవాళ్ళూ కింద నిలబడ్డాం. ఇవానో ఒక సీసాలో వేడి కాఫీ తెచ్చాడు. ఎడమ కుడుల తగవు అక్కడా ఆగలేదు.

చాలాసేపు ఎవరూ రాలేదు. మెట్లు చెక్కవి, ఇరుకు, మలుపు మలుపుకీ అరిగిపోయినవి. కాలు జారితే ఏమవుతుందో అప్పుడు తట్టింది నాకు. పట్టా కోసం దెయాన్నా కొడుకును నేనే చంపుకుంటున్నానేమోననిపించింది. అప్పుడు లోపలి నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. మొదట డౌవె వంగి బయటికొచ్చాడు. వెనక లోరిస్ వీపు కనిపించింది. ఎడమ అరచెయ్యి గోడకు రాసుకుంటూ, పైకి చూడకుండా, నేను పిలిచినా పలకకుండా, వీధిలో రాళ్ళ మీదికి దిగాడు. వాడి వెనక ఎఫువా ఉందనుకున్నాను. కాదు, ఎవరో జర్మన్ దంపతులు, వాళ్ళ వెనక ఇద్దరు పిల్లలు, అందరూ వెనక్కి నడుచుకుంటూ గోడ పట్టుకుని దిగుతున్నారు. ఇక్కడ దిగే పద్ధతే ఇది కాబోలనుకున్నారు పాపం. చిట్టచివర ఎఫువా వచ్చింది, మామూలుగా ముందుకు నడుస్తూ, శాలువాతో నోరు మూసుకుని.

గ్వల్తియేరో లోరిస్ ఎడమ అరచెయ్యి తిప్పి చూశాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ముతో నల్లగా ఉంది. "సరిగ్గానే దిగాడు," అన్నాడు. కుడి అని వాదించిన ఇవానో కూడా చూసి ఒప్పుకున్నాడు, కాఫీ పోశాడు.

తర్వాతి పరీక్షకు నేనూ వెళ్ళాను. మా దగ్గర పరీక్ష ఎవరైనా చూడవచ్చు. చివరి వరుసలో కూర్చున్నాను. పేర్లు పిలుస్తున్నారు. వాడు ఒకసారి తలుపు వైపు చూశాడు. నా చేతిసంచీ పట్టీ ఊడిపోయేలా పట్టుకున్నాను. వాడి పేరు పిలిచారు. లేచాడు. తలుపు వైపు కాదు, బల్ల వైపు నడిచాడు.

కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకున్న ఒక ప్రొఫెసరమ్మ చాలా అడిగింది. సగం లాటిన్, నాకేం తెలుస్తుంది. ఒక్క ప్రశ్న మాత్రం తెలిసింది. నీ తేనెపట్టులోంచి లేచిపోయిన ఈగల గుంపు ఎప్పటివరకు నీది అని అడిగింది. "కంటికి కనబడుతున్నంతవరకు," అన్నాడు లోరిస్, "వెంటబడటం మానుకోనంతవరకు." ఆవిడ తలూపింది. నేను చేతిరుమాలు వెతుక్కున్నాను. మార్కులు గొప్పగా రాలేదు. నచ్చకపోతే ఆ మార్కులు వద్దని మళ్ళీ పరీక్షకు రావచ్చు, చాలామంది అలాగే చేస్తారు. వాడు మాత్రం పుచ్చుకున్నాడు.

వ్యాసం అయ్యేసరికి ఎండాకాలం వచ్చింది. ఇంకొకరి వ్యాసానికి వేసినట్టే తన వ్యాసానికీ తనే ఎర్ర అట్ట వేసుకున్నాడు, కొంచెం వంకరగా వచ్చింది. పట్టా రోజున వాడు నా ముందు తల వంచాడు. లారెల్ ఆకులు నా చేత్తో పెట్టాను. దెయాన్నా, చూశావా అని పైకే అన్నాను. ఎవరు విన్నారో నాకు పట్టలేదు.

భోజనాలు ఇవానో బార్ ముందు స్తంభాల నీడలో. స్నేహితులు వాడి చుట్టూ చేరి, దొత్తోరెలైనవాళ్ళకు పాడే బూతుపాట పాడారు. మళ్ళీ మళ్ళీ పాడారు, లంబ్రూస్కో వైన్ సీసాలు ఖాళీ అవుతూనే ఉన్నాయి. డౌవె గిన్నె ఖాళీ అవడం ఆ గొడవలో నేను చూసుకోలేదు.

డౌవె లేచి నిలబడ్డాడు. "నేను ఒక నిజం చెప్పాలి. వెనక్కి దిగే ఆచారం లేదు. ఎఫువా కల్పించింది."

పాట ఆగింది. ఎఫువా కళ్ళు మూసుకుంది. నేను లోరిస్ మొహం వైపు చూడలేకపోయాను.

మొదట మాట్లాడింది గ్వల్తియేరో. "నువ్వు బయటి ఊరివాడివి నాయనా. నీకు తెలియదులే."

"నేనే కల్పించాను," అంది ఎఫువా. "నిజంగానే."

"విని మర్చిపోయి ఉంటావు," అన్నాడు ఇవానో. "మా తాత దిగాడమ్మా, కుడి చెయ్యి ఆనించి."

ప్రొఫెసర్ తస్సినారి కూడా వచ్చి ఉన్నారు. ఆచారాలు ఎవరూ కల్పించలేరనీ, ఎవరి నోట విన్నదీ గుర్తులేకపోవడమే వాటి లక్షణమనీ, గొంతు పూర్తిగా నయమయ్యేవరకు ఎఫువా ఇంత గట్టిగా మాట్లాడకూడదనీ చెప్పారు. ఎఫువా ఎంత ఒట్టు పెట్టుకున్నా ఒక్కరూ నమ్మలేదు. నిజం చెబుతూ ఇంత అవస్థ పడిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు. డౌవె కూర్చుని, తన గిన్నె నా వైపు జరిపాడు.

కాసేపటికి లోరిస్ నన్ను లోపలికి తీసుకెళ్ళాడు. తలమీద ఆకులు ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి.

"నాకు తెలుసు పెద్దమ్మా."

"ఏం తెలుసు?"

"అది కల్పితమని. మొదటి రోజే తెలుసు. ఈ ముసలాళ్ళు నన్ను ఇన్నేళ్ళుగా ఏడిపిస్తున్నారు. నిజంగా విరుగుడే ఉంటే ఎప్పుడో చెప్పేవాళ్ళు, నన్ను బలవంతంగా దించి తమాషా చూసేవాళ్ళు."

"మరి తెలిసి ఎందుకు దిగావురా?"

వాడు ఆకులు సర్దుకున్నాడు. "మీరంతా కలిసి అంత బాగా అబద్ధమాడుతుంటే నాకింకేం సాకు మిగిలింది?"

ఈసారి పెద్దరికం సంగతి ఆలోచించలేదు. వాడి తల పట్టుకుని, ఆకులు గుచ్చుకుంటున్నా ముద్దు పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి బార్‌లో వాణ్ణి దొత్తోరె అని ఎవరూ పిలవలేదు. నిజమైన దొత్తోరెని అలా పిలిస్తే ఎగతాళి ఎక్కడుంటుంది? లోరిస్ అని మామూలుగా పిలుస్తూ, ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేవాళ్ళు పాపం.

ఎఫువా ఇంటికి వెళ్ళిపోయింది. మరుసటి వసంతంలో ఒక మధ్యాహ్నం నా ఫోన్‌కి వీడియో కాల్ చేసింది. నేను బార్‌లో ఉన్నాను. కుశలాలు అడిగింది, నవ్వింది, గ్వల్తియేరో మోకాళ్ళ గురించి అడిగింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. వ్యాసం ముందుకు కదలడం లేదట. రోజూ గ్రంథాలయానికి వెళ్ళి, మెట్ల దగ్గర నిలబడి తిరిగి వచ్చేస్తోందట.

"నేను కూడా ఎక్కాను కదా సిన్యోరా," అంది. "మొదటి వారమే."

ఫోన్ నా చేతిలోంచి కాఫీ బల్ల మీదికి చేరింది, దాని చుట్టూ అందరి తలలూ చేరాయి. ఎఫువా ఫోన్ ఎవరో స్నేహితురాలికి ఇచ్చింది. గ్రంథాలయం మెట్లు కనిపించాయి, వెడల్పాటి సిమెంటు మెట్లు, పక్కన తెల్ల సున్నం గోడ. రిమినీ దాటి ఎక్కడికీ వెళ్ళని ముసలాళ్ళు ఘనా దేశపు మెట్లు ఎలా దిగాలో కేకలేసి చెప్పడం మొదలుపెట్టారు. ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి అని ఇవానో అందరికన్నా గట్టిగా అరిచాడు. ఎఫువా వెనక్కి నడుస్తూ కిందిదాకా దిగింది. పైకి చూడలేదు. దారిన పోయే కుర్రాడెవడో పలకరిస్తే పలకలేదు.

దిగి, అరచెయ్యి కెమెరాకు చూపించింది. నల్లగా లేదు. సున్నం అంటుకుని తెల్లగా ఉంది.

బార్‌లో గొడవ లేచింది. నలుపు ఉంటేనే చెల్లుతుందని కొందరు, గోడను బట్టి రంగు మారుతుందని కొందరు. ఫోన్‌లో ఎఫువా నవ్వడం లేదు. పెదవి చివర లోపలికి పోలేదు, నేను బాగా చూశాను. ఒక్క మాట కోసం చూస్తోంది, అంతే.

"చెల్లుతుందా?" అని అడిగింది.

లోరిస్ వాళ్ళందరినీ పక్కకి జరిపి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"చెల్లింది," అన్నాడు. "ఇప్పుడింక నీకు సాకేమీ లేదు. వెళ్ళి కూర్చుని రాయి."